మూడో భాగంలో ఊపిరి

క్రెషెంజో మేడమెట్లన్నీ ఎక్కి, రొప్పు తీర్చుకుని, సంగీతం గదిలోకి అడుగుపెట్టేసరికి అతను కూర్చోవలసిన కుర్చీలో ఇంకెవరో కూర్చుని ఉన్నారు.

ఆ మనిషికి ముప్పై ఏళ్ళుంటాయేమో. నున్నగా గీసిన గడ్డం, కొత్త కోటు, ఒళ్ళో నల్లటి కర్రతో చేసిన అడ్డ ఫ్లూట్. దాని చివర వెండి మీట ఒకటి మెరుస్తోంది. ఎదురుగా స్టాండు మీద కాగితాలు పరిచి ఉన్నాయి. క్రెషెంజో వాటికేసి చూశాడు. తన చంకలో కాగితాలు తీసి చూసుకున్నాడు. అదే చేతిరాత, అదే సంగీతం. పైన అవే మాటలు: ఫ్లౌటోకి, రెండు వయొలిన్లకి, చెల్లోకి, హార్ప్సికార్డుకి కన్చెర్తో. ఫ్లౌటో, అంటే ఫ్లూట్, ముందు నడిచే నాలుగు భాగాల పాట.

"బాబూ, అది నా కుర్చీ," అన్నాడు.

ఆ మనిషి మర్యాదగా లేచి నిలబడ్డాడు కానీ పక్కకి జరగలేదు. "మీరు నాటకశాలలో ఓబో వాయించే క్రెషెంజోగారు కదూ? నా పేరు ప్లాచిదో. మాది లెచ్చె. కానీ ఇందులో ఓబో లేదండీ."

"ఓబో అక్కడ. ఇక్కడ ఫ్లౌటో నేనే."

"ఫ్లౌటో నేనండీ."

మూల కూర్చుని చెల్లో తీగలు బిగించుకుంటున్న సబాతో కిచకిచమని నవ్వాడు. ఆయన క్రెషెంజోకి నాటకశాలలో పాతికేళ్ళ సావాసగాడు. "బాగుంది సంబడం. పెళ్ళికొడుకులు ఇద్దరొచ్చారు. తాళి ఎవరిచేత కట్టిద్దాం?" అన్నాడు. వయొలిన్ వాళ్ళిద్దరూ, మీటల హార్ప్సికార్డు ముందు కూర్చున్న పంతులూ తలలు దించుకుని నవ్వుకున్నారు.

క్రెషెంజోకి యాభై ఆరేళ్ళు. సన్నాయిలాంటి ఓబో వాయించేవాళ్ళందరిలాగే నిలువు ఫ్లూట్ కూడా వాయిస్తాడు. నాటకంలో పిట్ట కూయాలన్నా, నాయిక కునుకు తీయాలన్నా ఓబో కింద పెట్టి అది అందుకోవలసిందే. ఈస్టర్ ముందు తపస్సు కాలం కనుక నాటకశాలలు మూసి ఉన్నాయి. ఖాళీగా గోళ్ళు గిల్లుకుంటున్న సమయంలో రొక్కాసెర్రా దొరసాని ఇంటినుంచి చీటీ, చీటీతోపాటు ఈ కాగితాలూ వచ్చాయి. మూడు వారాలు సాధన చేశాడు. మొదటిరోజునుంచీ అతనికి ఒక వింత తోస్తూనే ఉంది. ఈ పాట తనకి కొత్త కాదు. ఎక్కడ వాయించాడో గుర్తులేదు గాని, మూడో భాగం దగ్గరికి వచ్చేసరికి కళ్ళు కాగితాన్ని చూడకముందే వేళ్ళు రంధ్రాల మీదికి పోతున్నాయి.

ఇంటి పెత్తనమంతా చూసే దివాన్జీ దొన్ ఇప్పోలితో గొడవ విని పరుగున వచ్చాడు.

"ఏమిటయ్యా ఇది? ఇద్దర్ని పిలిచారేమిటి?" అని సబాతో అడిగాడు.

"దొరసానిగారు ఫ్లౌటో మనిషిని పిలిపించమన్నారు. పిలిపించాను."

"ఏ ఫ్లౌటో? నిలువుదా, అడ్డందా?"

"ఫ్లౌటోకి నిలువేమిటి, అడ్డమేమిటి? నోటితో ఊదేదే కదా?" దివాన్జీ నుదురు తుడుచుకున్నాడు. "నాటకశాలకి ఒక చీటీ పంపాను. పంపానా లేదా అని అనుమానం వచ్చి చర్చికి ఇంకో చీటీ పంపాను. ఒక్క మనిషే ఇద్దరైపోతారని కలగన్నానా?"

క్రెషెంజో తన కాగితం తీసి ప్లాచిదో ముక్కుకింద పెట్టాడు. "చూడు నాయనా. నా కర్రకి అట్టడుగు స్వరం ఏదో ఈ రాతకీ అట్టడుగు స్వరం అదే. నాలుగు భాగాల్లో ఎక్కడా ఒక్క మెట్టు కిందికి దిగలేదు. నీ కర్ర ఇంకా కిందికి పోతుంది. నీకోసమే రాస్తే మరెందుకు దింపలేదు?"

"రాసినాయనకి దింపాలనిపించలేదేమో. పెరట్లో బావి ఉందని రోజూ దూకుతామా పెద్దాయనా?"

సబాతో తొడ చరుచుకున్నాడు. రాసినాయన్ని అడుగుదామంటే ఆయన లిస్బన్ రాజుగారి కొలువుకి వెళ్ళి ఏడాదిన్నర అయింది. ఉత్తరం పోయి రావడానికే వేసవి వచ్చేస్తుంది. కచేరీ చూస్తే వచ్చే మంగళవారమే.

అంతలో దొరసాని వచ్చింది. అందరూ లేచారు. యాభై దాటిన మనిషి, నల్లబట్టలు, చేతిలో జపమాల. భర్త పోయి మంగళవారానికి రెండేళ్ళు. ఆ రోజు ఈ కన్చెర్తో వినిపించాలని ఆమె సంకల్పం. దివాన్జీ జరిగిన పొరపాటు చెబుతుంటే సగంలోనే చెయ్యెత్తి ఆపింది.

"ఆయన పోయేముందు ఇక్కడ ఇది వాయించింది మీ ఇద్దరిలో ఎవరు?"

"నేనే అమ్మగారూ," అన్నారు ఇద్దరూ ఒక్కసారే. అని, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అబద్ధమాడే మొహాలు కావు రెండూ.

"దొరగారి జబ్బు రోజుల్లో ఈ గదిలోనే వాయించానమ్మా. తలుపులన్నీ మూసి ఉండేవి," అన్నాడు ప్లాచిదో.

"నేనూ వచ్చాను. ఈ మెట్లు నాకు గుర్తే," అన్నాడు క్రెషెంజో. అన్నాడే గాని, ఆ మెట్లు ఎప్పుడెక్కాడో ఎంత తవ్వినా తేలలేదు.

"ఇద్దరూ వచ్చే ఉంటారు," అంది దొరసాని. "ఆఖరి వారాల్లో రోజూ మధ్యాహ్నం ఎవరో ఒకరు వాయించేవారు. వెలుతురు ఆయన కంటికి గుచ్చుకునేది. అందుకని ఇక్కడా, పక్కనే ఆయన పడుకున్న గదిలోనూ కిటికీలు మూయించేశాం. తలుపు ఓరగా వేసి నేను ఆయన మంచం దగ్గరే ఉండేదాన్ని. ఎవరొచ్చారో ఎవరెళ్ళారో నేనెప్పుడూ చూడలేదు. జోసెఫ్ పండక్కి రెండ్రోజుల ముందు ఇదే కన్చెర్తో వాయిస్తున్నారు. మూడో భాగంలో ఉండగా ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకుని, 'వాడు కూడానా' అన్నారు. అని నవ్వారు. నెల రోజుల తరవాత నవ్వడం అదే. 'వాణ్ణి మళ్ళీ పిలిపించు' అన్నారు. మర్నాటికి మాట పడిపోయింది."

దొరసాని లోపలి గది తలుపుకేసి చూసింది.

"వాడు కూడా ఏమిటి? రెండేళ్ళుగా అదే ఆలోచిస్తున్నాను. నాకు తెలియలేదు." ఆమె జపమాల వేళ్ళ చుట్టూ చుట్టుకుంది. "రేపు పొద్దున నేను ఆ గదిలో కూర్చుంటాను. మీరిద్దరూ ఒకరి తరవాత ఒకరు మూడో భాగం వాయించండి. ఆ మనిషైతే నేను పోల్చుకుంటాను."

*

మెట్లు దిగుతూ క్రెషెంజో సబాతో భుజం పట్టుకున్నాడు. "ఆ వారమంతా నువ్వు వాయించావు కదా. ఆ రోజు ఫ్లౌటో ఎవరు?"

"చీకట్లో దెయ్యానికీ దేవుడికీ తేడా తెలీదు. అయినా నేను ఫ్లౌటోకి వీపు పెట్టి కూర్చుంటాను. నా కళ్ళు ఎప్పుడూ హార్ప్సికార్డు పంతులు ఎడమచేతి మీదే."

"చెవులు నీవే కదా?"

సబాతో మెట్టు మీద ఆగాడు. "చెవుల సంగతా, ఉండు. ఒక రోజు ఒకడొచ్చాడు. వాడి ఫ్లౌటో నిలువో అడ్డమో చెప్పలేను. సగం గాలి పక్కనుంచి బుస్సుమని పోతోంది మరి. వోమెరో కొండ ఎక్కే గాడిదలాగా ఎక్కడ పడితే అక్కడ ఊపిరి తీశాడు. స్వరం మధ్యలో ఆగుతాడు, గస పోస్తాడు, మళ్ళీ మొదలెడతాడు. మేమందరం వాడికోసం కాచుక్కూర్చోవడమే. వీడికి తాళం నేర్పిన గురువెవడ్రా బాబూ అనుకున్నాను. ఆ రోజేనా అది? పండగ ముందో తరవాతో."

"అయితే అది నేను కాదు," అన్నాడు క్రెషెంజో వెంటనే.

"నువ్వని నేనన్నానా?"

"ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్క వరస మధ్యలో ఊపిరి తీయలేదు నేను."

"సరేలే బావా, నువ్వు గాడిదవి కాదు. పద."

తను కాదని తేలినందుకు క్రెషెంజోకి ఊరట కలగాలి. కలగలేదు. ఆ గాడిద కాకపోతే, దొరగారు మళ్ళీ పిలిపించమన్న మనిషీ తను కాకపోవచ్చు. ఒక గాడిదని ఎవరైనా ఎందుకు మళ్ళీ పిలిపిస్తారో మాత్రం అతనికి తట్టలేదు. దిగులు మొహంతో మార్కెట్ గుండా నడిచి, ఉప్పుచేప కొనుక్కు రమ్మన్న భార్య మాట మరిచిపోయి, ఉత్త చేతులతో ఇంటికి చేరాడు.

కార్మొసీనా కిటికీ దగ్గర కూర్చుని చేతితొడుగుల వేళ్ళు కుడుతోంది. ఆమె కుట్టిన తొడుగులు వియన్నా దాకా పోతాయని చెప్పుకుంటారు. ఉత్త చేతులు చూసి ఏదో అనబోయి, మొహం చూసి ఆగింది.

"ఏమైంది? పాట బాగా లేదా, డొక్క బాగా లేదా?"

అతను జరిగిందంతా చెప్పాడు. ఇద్దరు ఫ్లౌటోలు, ఓరగా వేసిన తలుపు, 'వాడు కూడానా', సబాతో చెప్పిన గాడిద. ఆమె సూది ఆడిస్తూనే వింది.

"ఏ రోజన్నావు?"

"జోసెఫ్ పండక్కి రెండ్రోజుల ముందు. రెండేళ్ళ కిందట."

"అయితే నువ్వెలా వెళ్తావయ్యా? మా చెల్లెలి కూతురు జ్యుసెప్పా పుట్టింది ఆ పండగనాడే. పురుడు పొయ్యడానికి నేను మూడ్రోజుల ముందే పోర్తిచీ వెళ్ళాను. వెళ్ళేటప్పటికి నువ్వు దవడకి గుడ్డ కట్టుకుని మంచంమీద మూలుగుతున్నావు. ముందురోజే మంగలి నీ పన్ను పీకాడు. బుగ్గ బూరెలా ఉంది. ఊదడం మాట దేవుడెరుగు, నీళ్ళు పుక్కిలించడానికే వల్ల కాలేదు."

క్రెషెంజో నాలుక ఎడమవైపు పన్ను ఊడిన ఖాళీ మీదికి పోయింది. "నిజమే," అన్నాడు. "అయితే నేను వెళ్ళలేదన్నమాట."

"వెళ్ళలేదు."

కార్మొసీనా ఇంకో వేలు కుట్టడం మొదలుపెట్టింది. ఉన్నట్టుండి ఆమె సూది ఆపింది.

"మంగలి కషాయం ఇచ్చాడు చూడు, నల్లమందు కలిపింది. పొద్దుటొక చెంచా, రాత్రికొక చెంచా అన్నాడు. తిరిగొచ్చి చూస్తే సీసా ఖాళీ. నువ్వు చూస్తే నాలుగు రోజులు ఏం జరిగిందో చెప్పలేకపోయావు. ఇంకొకటి చెప్పనా? నీ మంచి కోటు తలుపు వెనక తగిలించి ఉంది. ఇంకా తడి ఆరలేదు. వానలో ఎక్కడికెళ్ళావంటే, ఎక్కడికీ వెళ్ళలేదన్నావు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"కార్మొసీనా, దవడ అలా వాచి ఉంటే గాలి ఎక్కణ్ణుంచి పోతుంది?"

"పక్కనుంచి పోతుంది. ఇంకెక్కణ్ణుంచి పోతుంది?" ఆమె పెదవులు వణికాయి. నవ్వాపుకోలేకపోయింది. "అయ్యో నా మొగుడా! ఆ గాడిదవి నువ్వే!"

"తమాషా కాదు."

"తమాషా కాక? దొరగారు అందర్నీ వదిలేసి ఆ గాడిదనే మళ్ళీ రమ్మన్నారా? ఆ మహారాజు చెవులు ఏమయ్యాయో!"

క్రెషెంజో నవ్వలేదు. తను వెళ్ళాడా? కోటు తడిసిందంటే వెళ్ళాడనే. కానీ ఆ తడి వేరే ఎక్కడిదైనా కావచ్చు. నల్లమందు మత్తులో ఉన్నవాడు చర్చికి పోయి రావచ్చు, బావి దగ్గర నిలబడి రావచ్చు. వెళ్ళాడనుకుంటే పరువు పోతుంది. వెళ్ళలేదనుకుంటే ఇంకేదో పోతుంది. దాన్ని ఏమనాలో అతనికి తెలియలేదు. గిన్నెలోని శనగలు చల్లారిపోయేదాకా అలాగే కూర్చున్నాడు.

*

పొద్దున్నే దొరసాని లోపలి గదిలోకి వెళ్ళి తలుపు ఓరగా వేయించుకుంది. కిటికీలన్నీ మూశారు. సంగీతం గదిలో కాగితాలు కనబడేటంత వెలుగుకి రెండు కొవ్వొత్తులు పెట్టారు. దివాన్జీ తలుపు దగ్గర నిలబడ్డాడు.

ముందు క్రెషెంజో వాయించాడు. మూడో భాగం నెమ్మదైన పాట. చెల్లో అడుగులేస్తుంటే వయొలిన్లు పల్చగా ఊగుతాయి, వాటిమీద ఫ్లౌటో ఒక్కటే పొడుగాటి మాట మాట్లాడుతుంది. అతను దాన్ని ఎలా వాయించాలో అలాగే వాయించాడు. ఎక్కడ మాట పూర్తవుతుందో అక్కడే, వినబడకుండా, ఊపిరి తీశాడు. అయిపోయాక ప్లాచిదో కూడా మెచ్చుకోలుగా తల ఊపాడు.

దివాన్జీ లోపలికి తల పెట్టి, బయటికి తీశాడు. "కాదట."

ప్లాచిదో వాయించాడు. అడ్డ ఫ్లూట్ గొంతు ఇంకాస్త మెత్తన, ఇంకాస్త లోతు. అక్కడక్కడ స్వరాన్ని పొంగించి దించాడు. చక్కగా ఉందని క్రెషెంజో లోలోపల ఒప్పుకోక తప్పలేదు.

"ఇదీ కాదట," అన్నాడు దివాన్జీ.

లోపలినుంచి సన్నగా మాట వినిపించింది. ఆయన మళ్ళీ వెళ్ళొచ్చాడు. "తలుపు ఇంకొంచెం తెరవమంటున్నారు. మళ్ళీ వాయించండి." ఇద్దరూ మళ్ళీ వాయించారు. కాదు. తలుపు ఇంకొంచెం మూయించారు. కాదు. లోపల కుర్చీ ఈడ్చిన చప్పుడైంది. ఈసారి మంచానికి అటువైపు కూర్చుందట. అదీ కాదు. చివరికి దివాన్జీ మొహం వేలాడేసుకుని వచ్చాడు. "దొరసానిగారు ఏడుస్తున్నారు. మీరిద్దరూ కాకపోతే మరెవరో ఆయనకి తెలియాలి, ఆయనేమో లేరు, అంటున్నారు."

"వెళ్ళిపోదామా?" అన్నాడు ప్లాచిదో గుసగుసగా.

క్రెషెంజో ఫ్లూట్ తుడుస్తున్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళ పేరు ఒక పక్క ఉంది. రెండో పక్క ఏముందో సరిగా కనబడటం లేదు. అది నిజమో, భార్యతో కలిసి అల్లుకున్న ఊహో కూడా రూఢిగా తెలియదు.

"ఇంకొక్కసారి," అన్నాడు.

సబాతో విసుగ్గా కమాను ఎత్తాడు.

క్రెషెంజో పెదవుల ఎడమ కొస వదులు చేశాడు. మొదటి స్వరంలోనే గాలి బుస్సుమంది. వయొలిన్లలో ఒకతను ఉలిక్కిపడి చూశాడు. నాలుగో స్వరం మధ్యలో కావాలని ఆగి ఊపిరి తీశాడు. కుంటివేషం వేసిన నటుడి నడకలా ఉంది అది. సిగ్గేసింది. ఇంకోచోట ఆగాడు. అదీ వేషమే. కానీ సగం గాలి పక్కనుంచి కారిపోతుంటే మనిషికి నిజంగానే ఊపిరి చాలదు. ఆరో వరసకి వచ్చేసరికి ఎక్కడ ఆగాలో అతను ఎంచుకోవడం మానేశాడు. గాలి అయిపోయిన చోట ఆగుతున్నాడు, గస తీస్తున్నాడు, తెగిన స్వరాన్ని తెగిన చోటే అందుకుంటున్నాడు. కళ్ళు తిరిగాయి. ఎక్కడో లవంగం వాసన. అది జ్ఞాపకమా, నిన్న భార్య పన్ను మాటెత్తినందువల్లా? అతనికి తెలియలేదు. వెనకనుంచి సబాతో తిట్టుకుంటూనే అతనికోసం ఆగుతున్నాడు, కదులుతున్నాడు.

తలుపు పూర్తిగా తెరుచుకుంది. దొరసాని గుమ్మంలో నిలబడి ఉంది.

"ఆపకండి," అంది.

అతను చివరిదాకా వాయించాడు. వాయించి ముందుకి వంగి, మోకాళ్ళమీద చేతులు ఆనించి, ఊపిరి పీల్చుకున్నాడు.

"ఆయనకి ఊపిరితిత్తుల జబ్బు," అంది ఆమె, ఎవరితోనో తెలియకుండా. "ఆ నెలంతా ఒక్క మాట కూడా ఒక్క ఊపిరిలో పూర్తయ్యేది కాదు. నా పేరు కూడా రెండు ముక్కలు చేసి పిలిచేవారు." కొంచెం ఆగి, "వాడు కూడానా," అని మెల్లగా, తనలో తనే అనుకుంది. తరవాత క్రెషెంజో వైపు తిరిగింది. "ఆ రోజు వాయించింది మీరేనా?"

"నేనే అనుకుంటున్నానమ్మా."

"అనుకోవడమేమిటి?"

అతను దాచకుండా చెప్పాడు. పన్ను, మంగలి, నల్లమందు, తడిసిన కోటు. చెబుతుంటే అది ఒక పెద్దమనిషి చెప్పుకునే సాక్ష్యంలా లేదని తనకే అనిపించింది. ఆమె ముందు నుదురు ముడిచింది, తరవాత నోటికి చేతిగుడ్డ అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో గదిలో ఎవరికీ అర్థం కాలేదు.

"మంగళవారం ఇలాగే వాయించండి. ఒక్క ఊపిరి కూడా సరిచెయ్యకండి."

"అమ్మగారూ, ఆ రోజు ఊళ్ళో సంగీతం తెలిసినవాళ్ళంతా వస్తారు. మా నాటకశాల మాష్టారుగారు కూడా."

"తెలుసు," అంది ఆమె, లోపలికి వెళ్ళిపోతూ.

మెట్లు దిగుతుంటే ప్లాచిదో వెనకే వచ్చాడు. "పెద్దాయనా, ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. సబాతో నిన్న మీకు చెప్పిన ఆ గాడిద కథ నాకూ చెప్పాడు. నిజంగా మీరేనా, లేక ఆ కథ విని అలా వాయించారా?"

"నాకే తెలిస్తే నీకు చెప్పనా?"

ప్లాచిదో తల గోక్కున్నాడు. "నేనూ అలా వాయించి చూద్దామనుకున్నాను. ధైర్యం చాలలేదు," అన్నాడు.

*

మంగళవారం సాయంకాలం మేడముందు బళ్ళు బారులు తీరాయి. క్రెషెంజో మొదటి రెండు భాగాలూ హాయిగా, తప్పు లేకుండా వాయించాడు. రెండో భాగంలో వయొలిన్లు ఒకదాని వెంట ఒకటి తరుముకుంటూ వస్తుంటే అతని ఫ్లూట్ పైనుంచి పిట్టలా దూకి వాటికి అందకుండా పోయింది. విసనకర్రలు ఊగాయి, వెనక ఎవరో శభాష్ అన్నారు. మూడో భాగం మొదలైంది. గాలి బుస్సుమంది. స్వరం తెగింది. విసనకర్రలు ఆగాయి. రెండోసారి తెగేసరికి మనుషులు ఒకరి చెవిలో ఒకరు మాట్లాడుకున్నారు. నాటకశాల మాష్టారు బూట్లకేసి చూస్తూ కూర్చున్నాడు. ముందు వరసలో దొరసాని కళ్ళు మూసుకుని, పక్కన ఖాళీగా ఉంచిన కుర్చీ చేతిమీద చెయ్యి పెట్టుకుని ఉంది. అతను ఊపిరికోసం ఆగిన ప్రతిసారీ ఆ చెయ్యి కొంచెం బిగుసుకోవడం క్రెషెంజో చూశాడు. ఆ తరవాత ఇంకేమీ చూడలేదు.

నాలుగో భాగం మళ్ళీ వేగమైనది. దాన్ని సరిగ్గా వాయించాలనే అనుకున్నాడు. పెదవి మాట వినలేదు. రెండుచోట్ల అనుకోకుండా ఊపిరి తెగింది. అవి వేషం కావని అతనొక్కడికే తెలుసు.

కచేరీ అయ్యాక మాష్టారు దగ్గరికి వచ్చి భుజంమీద చెయ్యి వేశాడు. "విశ్రాంతి తీసుకో క్రెషెంజో. ఈస్టర్ దాకా ఏమీ ముట్టుకోకు," అన్నాడు చాలా దయగా. ఆ దయ అతనికి చెంపదెబ్బలా తగిలింది. మరో నిమిషానికి ఒక లావుపాటి పాదిరీ చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "అద్భుతం! ఆ నిట్టూర్పులు! ఇది వియన్నా పద్ధతా, డ్రెస్డెన్ పద్ధతా?" క్రెషెంజో, "పోర్తిచీ పద్ధతండీ," అనేశాడు. భార్య ఆ రోజు ఉన్న ఊరు నోట్లోంచి ఎలా ఊడిపడిందో అతనికే తెలియదు. పాదిరీ పక్కనున్న ఒక మార్కెసా, జమీందారు భార్య, ఆ మాట విని, తన కూతురికి ఆ పద్ధతి నేర్పాలని, గురువారం నుంచే రావాలని పట్టుబట్టింది. దొరసాని మాత్రం వెళ్తూ వెళ్తూ ఒక్కసారి తల వంచింది.

ఇంటి దగ్గర కార్మొసీనా తలుపు తీసి, "ఎలా జరిగింది?" అంది.

"ఒకాయన ముసలాడివైపోయావన్నాడు. ఒకావిడ నేర్పమంది."

"మరి బాగా వాయించావా లేదా?"

"అదే చెప్తున్నా కదా."

ఈస్టర్ తరవాత నాటకశాల తెరిచారు. ఓబో కుర్చీ క్రెషెంజోదే. కానీ కొత్త నాటకంలో నాయిక నిద్రపోయే పాటకి మాష్టారు ప్లాచిదోని పిలిపించాడు. ప్లాచిదో మొదటిరోజే వచ్చి, కళ్ళు కలపకుండా, "మీరు వద్దంటే నేను వాయించను," అన్నాడు. "వాయించు నాయనా, నాయిక ఎలాగూ నిద్రపోవాలి కదా," అన్నాడు క్రెషెంజో. వెనక సబాతో పకపకా నవ్వాడు. ప్లాచిదోకి మాత్రం అది దీవెనో ఎత్తిపొడుపో అర్థం కాలేదు. క్రెషెంజోకి కూడా పూర్తిగా అర్థం కాలేదు.

గురువారాలు మార్కెసా ఇంటికి వెళ్తున్నాడు. పద్నాలుగేళ్ళ ఆ అమ్మాయి పేరు ఫియోర్దెలీసా, పెంకిది. నాలుగో పాఠంలో కాగితం కింద పడేసి అడిగింది: "మాట మధ్యలో ఎందుకు ఆగాలి మాష్టారూ? ఎక్కడ ఆగాలో కాగితంలో రాసి లేదు. ఏ లెక్కన ఆగాలి?"

"లెక్క లేదమ్మా."

"మరి మీరెలా ఆగుతారు?"

అతను కింద పడిన కాగితం తీసి స్టాండు మీద పెట్టాడు. "నేను ఆగను. ఆగిపోతుంది," అన్నాడు. ఆ అమ్మాయి పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి, స్వరాన్ని తనకి తోచినచోట ముక్కలు చేసి పారేసింది. ఎంత తప్పుగా వాయిస్తోందో అతనికి స్పష్టంగా తెలుస్తోంది. ఏది తప్పో చెప్పబోయి, చెప్పడానికి మాట దొరక్క ఊరుకున్నాడు.

ఆ ఆదివారం పొద్దున ఇంట్లో ఒక్కడే కూర్చుని మూడో భాగం తీశాడు. ఈసారి ఎవరికోసమూ కాదు, పాతరోజుల్లోలాగా సరిగ్గా, మాట పూర్తయిన చోటే ఊపిరి తీస్తూ వాయించాలని. మొదలుపెట్టాడు. రెండో వరసలో గాలి అయిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి మూడో వరస దాకా వెళ్ళాడు.

పక్కగదిలోంచి కార్మొసీనా కేకేసింది. "ఇది తప్పుగా వాయించడమా, ఒప్పుగా వాయించడమా?"

"తెలియడం లేదు!" అని అరిచి, అతను మళ్ళీ ఫ్లూట్ పెదవులకి ఆనించాడు.